విగ్రహవాక్యం లేని వస్తువు

హెడ్‌ఫోనుకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. శ్రవణయంత్రం అందామంటే అది వినికిడి తగ్గినవారు పెట్టుకొనే పరికరానికి ఎప్పుడో చెల్లిపోయింది. కర్ణభేరి అందామంటే దానిని భగవంతుడు ముందుగానే చెవిలో అమర్చి పంపాడు. మా కోనసీమలో పిల్లలు తీగె ఉన్నవాటిని ఇయర్‌ఫోన్సు అంటారు, తీగె లేనివాటిని బ్లూటూతు అనో, బడ్స్ అనో అంటారు. మా వీధిలోని ఒక పెద్దావిడ మాత్రం, చెవిలో దూర్చుకొనే ఆ తెల్లని జంటను మొదటిసారి చూసినప్పుడు ‘దుద్దులు’ అంది. అంతకంటే చక్కని తెలుగు మాట నాకింతవరకు తగల్లేదు. ఆ దుద్దుల గురించి, వాటి ఆయుర్దాయం గురించి, చెడిపోతే బాగుచేయించుకొనే వీలు గురించి నాలుగు మాటలు వ్రాయాలని కొంతకాలంగా అనుకుంటున్నాను.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకు అని కొందరికి అనిపించవచ్చును. పద్యం చెవితో చదవవలసినది. పాత నాటక పద్యాల రికార్డులు ఇప్పుడు అంతర్జాలంలో దొరుకుతున్నాయి. వాటిని సెల్‌ఫోనులోని చిన్న స్పీకరు మీద వింటే రాగం తెలుస్తుంది గాని, పాడినవాడు ళకారాన్ని ళకారంగానే పలికాడా, ఒత్తులు మింగాడా అన్నది తేలదు. హెడ్‌ఫోను పెట్టుకుంటే ఊపిరి తీసుకొన్న చోటుకూడా వినబడుతుంది. అందువల్ల ఉద్యోగ విరమణ తరువాత నా రోజులో రెండు మూడు గంటలు దానితోనే గడుస్తున్నాయి. అయితే ఈ వ్యాసానికి నా కాలక్షేపం కారణం కాదు. అసలు కారణం దగ్గరకు నెమ్మదిగా వస్తాను.

నేను మొదట చూసిన హెడ్‌ఫోను 1970 ప్రాంతాలలో, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో మా సైన్సు మాస్టారిది. ఆయన మదరాసు మూరుమార్కెట్టులో పాత సామాను మధ్య కొన్నారట. రెండవ ప్రపంచ యుద్ధంనాటి సరుకు. రెండు నల్లని బేకలైటు డిప్పలు, వాటిని కలుపుతూ తలమీదుగా ఒక ఉక్కుపట్టీ, నూలు అల్లిన తీగె. ఒకే ఒక్క ట్రాన్సిస్టరుతో ఆయన కట్టిన రేడియోకు దానిని తగిలించి, కొబ్బరిచెట్ల మధ్య కట్టిన ఏరియల్ తీగె ఆధారంగా విజయవాడ స్టేషను వినిపించేవారు. ఒక్కొక్కరికి అర నిమిషం. వరుసలో నిలబడి విన్నాము.

విన్నదానికంటే నాకు బాగా గుర్తున్నది ఆయన దానిని విప్పి చూపించడం. డిప్ప మూతను సీసామూత తిప్పినట్లు తిప్పితే ఊడి వచ్చింది. లోపల ఒక పలుచని ఇనుప బిళ్ళ, దాని కింద అయస్కాంతం, అయస్కాంతానికి చుట్టిన తీగె చుట్టలు. బిళ్ళను పక్కకు జరిపి తీసి మా చేతికిచ్చారు. మళ్ళీ పెట్టి మూత బిగించారు. మళ్ళీ మోగింది! బయటి తీగె కూడా డిప్పకు చిన్న మరలతోనే బిగించి ఉన్నది. తెగితే ఏ తీగెనైనా అక్కడ బిగించుకోవచ్చు. యుద్ధభూమిలో టంకం వేసుకొనే తీరిక ఎవరికుంటుంది? కనుక అలా చేశారు. హెడ్‌ఫోను పుట్టుకే అటువంటిది. 1910లో అమెరికాలోని యూటాలో నెథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో వాటిని చేసి అక్కడి నౌకాదళానికి పంపాడు. వంటింట్లో చేసిన వస్తువును మరొక వంటింట్లో విప్పడం కష్టం కాదు.

ఈనాటి హెడ్‌ఫోను లోపల ఇనుప బిళ్ళకు బదులు పలుచని ప్లాస్టిక్కు పొర ఉంటుంది. ఆ పొరకు వెంట్రుకకంటె సన్నని రాగితీగె చుట్ట అంటించి ఉంటుంది. చుట్ట అయస్కాంతం నడుమ కదిలితే పొర కదులుతుంది, పొర కదిలితే గాలి కదులుతుంది, మనకు ఘంటసాల వినబడతాడు. పెద్ద లౌడుస్పీకరుదీ ఇదే సూత్రం. ఇందులో గమనించవలసినదేమంటే, ఈ మోగే భాగం సాధారణంగా చెడిపోదు. మరీ పెద్ద ధ్వనికి మాడిపోతే తప్ప, నీళ్ళలో పడితే తప్ప, పదేళ్ళైనా ఇరవయ్యేళ్ళైనా మోగుతూనే ఉంటుంది. చెడేవి దానిచుట్టూ ఉన్న పరివారం. తీగె ఉన్నవాటిలో తీగె. తీగె లేనివాటిలో బ్యాటరీ. రెండింటిలోనూ చెవికి ఆనే మెత్త. రోగం వచ్చే చోట్లు మూడే అని తెలిసిన తరువాత, ఆ మూడు చోట్లా వైద్యుని చేయి పట్టేటంత సందు ఉంచడం తయారీదారుని ధర్మం అని నేననుకుంటాను.

అమలాపురంలో గడియార స్తంభం దరిని ఒక సందులో ఒక రేడియో మెకానిక్కు ఉన్నాడు. నాకంటె నాలుగైదేళ్ళు చిన్న. పేరు వ్రాయను, అతనికి ఇష్టముండదు. రేడియోలతో మొదలుపెట్టి, గల్ఫునుంచి వచ్చిన టేపురికార్డర్ల కాలంలో నాలుగు డబ్బులు చూసి, టీవీల మీదుగా ఇప్పుడు సెల్‌ఫోను ఛార్జర్ల దగ్గర నిలబడ్డాడు. 1980లలో మన రాజోలు, మలికిపురం పక్కనుంచి మస్కట్టు, దుబాయి, కువైటు వెళ్ళినవాళ్ళు సెలవులకు వస్తూ తెచ్చిన పెట్టెలలో తప్పనిసరిగా ఉండే వస్తువు టేపురికార్డరు. కొందరి పెట్టెలలో వాక్‌మన్ ఉండేది. సోనీవారు 1979 జూలైలో జపానులో దానిని విడుదల చేస్తే, మా ఊళ్ళకు చేరేసరికి నాలుగైదేళ్ళు పట్టింది. దానితోపాటు వచ్చిన, నారింజరంగు స్పాంజి తొడుగులున్న హెడ్‌ఫోను మేము అంతకుముందు చూడలేదు. స్పాంజి చినిగితే దర్జీ దగ్గర గుడ్డ కుట్టించుకొన్నవాళ్ళను నేనెరుగుదును.

ఆ మెకానిక్కు దగ్గర కూర్చుంటే తీగె హెడ్‌ఫోను వైద్యం మొత్తం నేర్చుకోవచ్చు. తీగె తెగేది దాదాపు ప్రతిసారీ ఒకే చోట. ఫోనులో గుచ్చే పుల్ల మొదట్లో, తీగె వంగే మెడ దగ్గర. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగిపోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. తీగెను వంచి పట్టుకుంటే మోగుతుంది, వదిలితే ఆగుతుంది. అప్పుడు ఆ మెడ కింద రెండంగుళాలు కోసి పారవేసి కొత్త పుల్ల వేయాలి. ఆ పుల్లమీద నల్లని గీతలను లెక్కపెడితే రెండు గీతలైతే మూడు భాగాలు: కొన ఎడమ చెవికి, నడుమ కుడి చెవికి, మొదలు రెంటికీ ఉమ్మడి. మూడు గీతలుంటే మైకు కూడా ఉన్నదన్నమాట.

తీగె కోసి చూస్తే ఎర్రనిది కుడి, పచ్చనిదో నీలమో ఎడమ, రాగిరంగుది ఉమ్మడి. అయితే వాటికి టంకం పట్టదు. ఎందుకని అడిగాను.

“రంగు కాదండది మాస్టారూ, వార్నీసండి. అది కాల్తేగాని సీసం అంటుకోదండి. పైగా లోపల దారప్పోగు కూడా కలిపి పేన్తారండి, తెగకుండాను. ఇది తెలీక కొత్తకుర్రాళ్ళు ‘తీగె మంచిది కాదు’ అని పారేత్తారండి.”

సీసపు బొట్టులో తీగె కొనను ముంచి ఒక క్షణం వేడి పట్టించాడు. సన్నని పొగ వచ్చింది. తీసేసరికి కొన వెండిలా మెరిసింది. ఇత్తడి గిన్నెకు కళాయి పోసేవాని చేతిలో ఆ మెరుపును చిన్నప్పుడు చూశాను. పని మొత్తం పది నిమిషాలు, మజూరీ యాభై రూపాయలు. వంద రూపాయలకు కొత్తది దొరికే రోజుల్లో యాభై రూపాయలిచ్చి బాగుచేయించుకోవడం ఏమి తెలివి అని అడిగేవారున్నారు. వారి కోసమే అసలు కారణం చెబుతాను.

దుద్దులు అన్న పెద్దావిడ గురించి. ఆమెకు ఒక చెవి దాదాపు వినబడదు, రెండవది సగం. కూతురు కువైటులో ఒక ఇంట పనిమనిషి. మన గోదావరి జిల్లాలనుంచి ఆడవాళ్ళు అలా వెళ్ళడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే, కొత్త సంగతి కాదు. ఆ ఇంట్లో పని ముగిసి కూతురి చేతికి ఫోను వచ్చేసరికి అక్కడ రాత్రి పదకొండు. మనకు ఒంటిగంటన్నర. పెద్దావిడ ఆ వేళకు లేచి, వీధి అరుగుమీద కూర్చుని, తీగె హెడ్‌ఫోను పెట్టుకొని వింటుంది. ఇంట్లో కొడుకు, కోడలు, పిల్లలు. అందరూ మంచివాళ్ళే. అయినా తల్లికి మాత్రమే చెప్పుకొనే మాటలు కొన్ని ఉంటాయి. జీతం చేతికి వచ్చినదా, ఏ పూట ఏమి తిన్నది, యజమానురాలు ఏమన్నది, పంపిన డబ్బులో ఎంత ఎవరికి ఇవ్వాలి. ఇవతల పెద్దావిడ మాటలు ‘ఊఁ’, ‘ఆఁ’, ‘సరేనమ్మా’ అంతవరకే. అవతలి మాటలు ఆమె చెవి దాటి బయటకు రావు.

ఒకసారి ఆ తీగె తెగింది. ఫోను చెవికి ఆనించుకుంటే ఆమెకు వినబడదు. స్పీకరు పెట్టాలి. అర్ధరాత్రి నిశ్శబ్దంలో స్పీకరు పెడితే వీధి వీధంతా వింటుంది. పన్నెండు రోజులపాటు తల్లీ కూతుళ్ళు స్పీకరులోనే మాట్లాడుకున్నారు. పన్నెండు రోజులూ కూతురు “బాగానే ఉన్నానమ్మా” అన్నదట, అంతే. పదమూడవ రోజున పెద్దావిడ ఆ తీగెను కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, “అమలాపురం ఎల్తే బాగుచేయించి ఎట్టండి మాస్టారూ. అది ఏదో దాత్తంది, నాకు తెలుత్తంది” అన్నది.

కొత్తది కొని ఇవ్వవచ్చు గదా అంటే, కొని ఇచ్చాను కూడా. బజారులో ఆ రోజు దొరికినది ఆమె చెవిలో నిలబడలేదు, ధ్వని చాలలేదు. పాతది చెవికి అలవాటైనది, దానిలో కూతురి గొంతు ఎలా వినబడుతుందో ఆమెకు తెలుసు. మెకానిక్కు పుల్ల మార్చాడు. ఆ రాత్రి వారు ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. మరునాడు ఉదయం కొడుకు చేత ఎవరికో ఫోను చేయించి, అక్కడ ఆ పిల్ల ఇల్లు మారే ఏర్పాటేదో మొదలుపెట్టించారని మాత్రం విన్నాను. యాభై రూపాయల మజూరీ!

ఆ పిల్ల తరువాతి సెలవుకు వచ్చినప్పుడు, అమ్మ తీగెలతో అవస్థ పడుతున్నదని తెల్లని దుద్దులు తెచ్చింది. ఒక నున్నని డబ్బా, అందులో జంట. మొదటి సంవత్సరం పెద్దావిడ ఆనందం చెప్పనలవి కాదు. తీగె చీరకొంగుకు తగులుకోదు, పేడనీళ్ళు చల్లుతూకూడా వినవచ్చు. రెండవ సంవత్సరం గంటసేపు నిలిచేది. ఆ తరువాత ఎడమది పదిహేను నిమిషాలకు ఒక కూత కూసి ఆగిపోయేది. కూతురు ‘ఇంకో మాట’ అనేసరికి దుద్దు మూగబోయేది.

మెకానిక్కు దానిని దీపం కింద నాలుగుసార్లు తిప్పి చూశాడు. ఎక్కడా మర లేదు. అతుకు గీత కూడా కంటికి ఆనదు.

“ఇది తెరవచ్చండి. కానీ మళ్ళీ మూయలేనండి, ఆయ్.”

ఆ మాట వినగానే నాకు తరగతిలో నిత్యసమాసం చెప్పిన రోజులు గుర్తుకు వచ్చాయి. సమాసం అంటే పదాల కూర్పు. ‘రాజభటుడు’ అన్న కూర్పును విప్పితే ‘రాజు యొక్క భటుడు’ అని వస్తుంది. ఆ విప్పి చెప్పే మాటనే విగ్రహవాక్యం అంటాము. విప్పినా అర్థం చెడదు, మళ్ళీ కలిపినా చెడదు. కొన్ని సమాసాలు మాత్రం అలా విప్పడానికి లొంగవు. ‘కృష్ణసర్పం’ అన్నది వ్యాకరణ గ్రంథాలు చూపే ఉదాహరణ. నల్లని పాము అని విప్పితే ఏ నల్లపామైనా అవుతుంది, ఆ జాతి పాము కాకుండా పోతుంది. అటువంటివి నిత్యసమాసాలు. భాషలో అవి కొద్ది. మన పూర్వులు వాటికి వేరే పేరు పెట్టి ఒక పక్కన ఉంచారు. వస్తువులలో మాత్రం ఇప్పుడు అవే సర్వత్రా కనిపిస్తున్నాయి. మర అంటే సంధి. విసంధి చేసి చూడవచ్చు. జిగురు అంటే నిత్యసమాసం. మా సైన్సు మాస్టారి నల్లడిప్పకు విగ్రహవాక్యం ఉన్నది. ఈ తెల్లని దుద్దుకు లేదు.

ఆ దుద్దు లోపల ఉన్న బ్యాటరీ లిథియం జాతిది, బఠాణీగింజ పరిమాణంలో ఉంటుంది. దాని గుణం ఏమిటంటే, నిండా ఛార్జి చేసి ఖాళీ చేయడం మూడు వందల నుంచి ఐదు వందల మార్లు జరిగేసరికి మొదటి శక్తిలో ఇంచుమించు ఐదోవంతు పోతుంది, తరువాత క్షీణత సాగుతూనే ఉంటుంది. చిన్నది కావడంచేత రోజుకు ఒకటి రెండు మార్లు నిండవలసి వస్తుంది. వాడకపోయినా వయసు మీద పడుతుంది. నిండా ఛార్జితో వేడిలో ఉంచితే మరీ త్వరగా. దుద్దును డబ్బాలో పెట్టినప్పుడల్లా అది నిండుతుంది. డబ్బా మా మే నెల వేడిలో కిటికీ గూట్లో ఉంటుంది. ఇంతకంటె త్వరగా ముసలితనం రావడానికి ఇంకేమి కావాలి? ఇది ఒక కంపెనీ చేసిన మోసం అనను, రసాయన ధర్మం. ఎదుట కనబడుతున్న ఆ ధర్మం తెలిసి కూడా దానిని జిగురుతో మూయడం మాత్రం మనుషులు చేసిన నిర్ణయం.

బ్యాటరీని మనం ఎన్నడూ వస్తువులో భాగమనుకోలేదు. అది వస్తువుకు పెట్టే కూడు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడ్డాక, పడిపోయిన కొబ్బరిచెట్ల కింద కరెంటు తీగెలు రోజుల తరబడి అలాగే ఉన్నప్పుడు, బయటి ప్రపంచం మాకు ట్రాన్సిస్టరు రేడియోలోనుంచే వినబడింది. సెల్లులు నీరసిస్తే తీసి చేటలో పెట్టి ఎండబెట్టేవాళ్ళం. మరో పూట నడిచేది. అప్పటికీ కాకపోతే నాలుగిళ్ళు తిరిగి టార్చిలైటు సెల్లులు తెచ్చేవాళ్ళం. ఆ రేడియోలో సెల్లుల అరకు ఒక తలుపు ఉన్నది. అంత సంగతి ఆ తలుపు!

మెత్తల సంగతి కూడా చెప్పాలి. చెవులను కప్పే పెద్ద హెడ్‌ఫోన్ల మెత్తలమీద తోలులా కనిపించేది చాలావాటిలో తోలు కాదు, పాలియురేథేన్ అనే ప్లాస్టిక్కు పూత. గాలిలోని తేమ దానిని లోలోపల విడగొడుతుంది. గౌతమి, వసిష్ఠల నడుమ, సముద్రం అంచున బ్రతికేవాళ్ళం మేము. ఆషాఢంనుంచి కార్తీకం దాకా గోడలే చెమ్మగిల్లుతాయి. ఒక ఏడు తిరిగేసరికి ఆ నల్లపూత రేకులు రేకులుగా రాలి చెవులకు అంటుకుంటుంది. చూసినవాళ్ళు ఇదేదో చర్మవ్యాధి అనుకుంటారు. ఉప్పుగాలికి, చెమటకు డబ్బాలోని ఛార్జింగు పిన్నులు పచ్చని చిలుము పడతాయి. దీనికి మాత్రం ఇంటి వైద్యం ఉన్నది: పొడిగుడ్డతో వారానికొకసారి తుడవడం.

నిష్పక్షపాతంగా అవతలివైపు మాట కూడా చెప్పాలి. జిగురువల్ల చెమట, వాన లోపలికి పోవు. మర పెట్టాలంటే చోటు కావాలి, చోటు పెరిగితే బరువు పెరుగుతుంది, నాలుగైదు గ్రాముల వస్తువు చెవిలోనుంచి జారిపోతుంది. తీగె లేకపోవడంవల్ల తీగె తెగే బాధ లేదు. బలవంతంగా తెరవబోయి లిథియం బ్యాటరీని గుచ్చితే అంటుకొని మండే ప్రమాదం కూడా నిజమే. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే చిన్నది కనుక తెరవడం అసాధ్యమనే వాదం నిలవదు. నెదర్లాండ్సులోని ఫెయిర్‌ఫోన్ సంస్థ 2023లో పెద్ద హెడ్‌ఫోను, 2024లో చెవి దుద్దులు తెచ్చింది. రెండింటిలోనూ బ్యాటరీని కొన్నవారే మార్చుకోవచ్చు. వాచీలో బ్యాటరీ మార్చే అంగడి ప్రతి ఊళ్ళో ఉన్నది గదా, వాచీ అంతకంటే పెద్దదా?

అమెరికాలో ఐఫిక్సిట్ అని ఒక సంస్థ వస్తువులను విప్పిచూసి మరమ్మతు సౌలభ్యానికి పదికి మార్కులు వేస్తుంది. ఆపిల్‌వారి ఎయిర్‌పాడ్సుకు వచ్చినవి సున్న. నా సర్వీసులో సున్న వేయవలసి వచ్చిన జవాబు పత్రాలు కొన్ని ఉన్నాయి గాని, ఆ విద్యార్థులెవరూ తరువాత తరగతికి ప్రథములుగా వెళ్ళలేదు. ఇక్కడ సున్న తెచ్చుకొన్నవాడినే మిగిలినవారందరూ చూసి వ్రాశారు.

చట్టాలు కదలడం మొదలైంది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల నిబంధన ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 తరువాత అక్కడ అమ్మే పరికరాలలోని చిన్న బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోగా, కొన్నవారే తీసి మార్చుకొనే వీలుండాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని వేసి, ఆ డిసెంబరులో ఒక జాలస్థలిని ప్రారంభించింది. మరమ్మతు సూచిక ఎలా ఉండాలో చెప్పే నివేదిక 2025 మేలో వచ్చింది. ఈ కదలికలలో ముందు వరుసలో నిలిచేవి సెల్‌ఫోన్లు, ట్రాక్టర్లు, ఇంటి యంత్రాలు. రెండు వేల రూపాయల దుద్దు కోసం ఎవరు దరఖాస్తు పెడతారు? ఖరీదు తక్కువ కావడమే దానికి శత్రువైంది.

ఖరీదైనవి మాత్రం ఇప్పటికీ విప్పడానికి వీలుగా ఉండడం గమనించతగిన విషయం. జర్మనీ సెన్‌హైజర్‌వారి హెచ్‌డి 25 అనే హెడ్‌ఫోను 1988 నుంచి వస్తున్నది. తీగె, మెత్త, తలపట్టీ అన్నీ విడిగా దొరుకుతాయి. రేడియో వాళ్ళు, సంగీతంవాళ్ళు వాడే సరుకు అది. హెడ్‌ఫోనుతో జీవనం గడుపుకొనేవారికి విగ్రహవాక్యం ఉన్న వస్తువు. హెడ్‌ఫోనులో జీవనం వినే పెద్దావిడకు నిత్యసమాసం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మధ్యరకం ఒకటి ఉన్నది. మెడలో కంటెలా వేసుకొనేది. దాని రెండు చివరలలో ఒకవైపు బ్యాటరీ, ఒకవైపు సర్క్యూటు ఉంటాయి. బ్లేడుతో అతుకు లేపితే చాలావరకు తెరుచుకుంటుందని, లోపలి బ్యాటరీకి తీగెలు ఉంటాయి కనుక అదే కొలతది తెచ్చి టంకం వేయవచ్చునని మెకానిక్కు చెప్పాడు. అలా రోజుకు ఒకటి రెండు వస్తున్నాయట. ఆ బ్యాటరీలు దొరకడమే కష్టమట. కొలతలు పాతవైపోగానే తయారీ ఆపేస్తారు. అతని అంగట్లో గోడవారన బిస్కట్టు డబ్బాలున్నాయి. ఒకదానిలో పుల్లలు, ఒకదానిలో మెత్తలు, ఒకదానిలో చచ్చిన దుద్దులు. వాటినెందుకు దాచావు అని అడిగితే, లోపల అయస్కాంతాలు బాగుంటాయండి అన్నాడు. చెత్తకుప్పలో కొబ్బరిడొక్కలతో కలిపి తగలబెడితే పేలతాయని కూడా అన్నాడు. అది మరీ ముఖ్యం. మా ఊళ్ళో చెత్తకు నిప్పు పెట్టడం ఇంకా మానలేదు.

చివరకు పెద్దావిడకు ఏమి కొన్నామో చెప్పాలి. వెయ్యి రూపాయల పరిసరాలలో చైనానుంచి వచ్చే తీగె ఇయర్‌ఫోన్లు కొన్ని ఉన్నాయి. పాటగాళ్ళు వేదికమీద పెట్టుకొనే తరహావి. వాటి ప్రత్యేకత ఏమంటే, తీగె చెవి దగ్గర రెండు చిన్న పిన్నులతో ఊడివస్తుంది. తీగె తెగితే తీగె ఒక్కటే మార్చుకోవచ్చు. మోగే భాగం అలాగే ఉంటుంది. రబ్బరు తొడుగులు మూడు కొలతలలో ఇస్తారు. ధ్వని ఆమె చెవికి చాలింది. మైకున్న తీగె, దానితోపాటు అదనంగా మరొక తీగె తెప్పించాము. తీగెను ఊడదీసి మళ్ళీ పెట్టడం ఆమెచేత మూడుసార్లు చేయించాను. పిన్నులు వంకరపోకుండా నిలువుగా నొక్కాలి, అంతే. మూడవసారి నా సాయం లేకుండానే పెట్టింది.

“ఈసారి మిమ్మల్ని అమలాపురం పంపక్కర్లేదు మాస్టారూ” అని, అదనపు తీగెను చుట్టచుట్టి, మనుమరాలి కుంకుమడబ్బాలో, పనిచేయని తెల్లని దుద్దుల పక్కన పెట్టుకొన్నది. అవి ఎందుకమ్మా అంటే, “పిల్ల తెచ్చింది కదండీ” అన్నది.